తిన్నావా అన్న తర్వాత ఏమడుగుదాం?

విదేశాల్లో చదువు గురించి మన ఇళ్ళలో జరిగే మాటలన్నీ పిల్లలు విమానం ఎక్కేదాకానే. ఏ యూనివర్సిటీలో సీటొచ్చింది, ఐ-20 వచ్చిందా, వీసా స్లాటు దొరికిందా, బ్యాంకు వాళ్ళు ఇంటి కాగితాలు అడిగారా, పెట్టెకి 23 కిలోలైతే అందులో ఆవకాయ ఎంత, కందిపొడి ఎంత. ఆర్నెల్లపాటు ఇల్లంతా ఇదే ధ్యాస. విమానం ఎక్కాక "హమ్మయ్య, వెళ్ళిపోయింది" అనుకుంటాం. చదువు కష్టం మొదలయ్యేది మాత్రం ఆ తర్వాతే.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది మన దేశపు విద్యార్థులున్నారు. ఆ ఏడాది చైనాని కూడా దాటేశాం. అందులో తెలుగు పిల్లలు ఎంతమందో ఎవరూ లెక్క చెప్పక్కర్లేదు, మన వీధిలో ఇళ్ళు చూసుకుంటే చాలు. ఇంతమంది వెళ్తున్నా, అక్కడికి చేరాక మొదటి నాలుగు నెలలు ఎలా ఉంటాయో ఆడవాళ్ళం నలుగురం కూర్చున్నప్పుడు మాట్లాడుకోం. మాట్లాడుకోవాలని నాకనిపిస్తుంది. మా అమ్మాయి టెక్సాస్‌లో రెండేళ్ళు చదివింది. అది చెప్పగా విన్నవి, తన స్నేహితురాళ్ళ అమ్మలతో మాట్లాడితే తెలిసినవి కలిపి చూస్తే నాకు అర్థమైంది ఒక్కటే. మన పిల్లలకి తెలివి తక్కువై కాదు, కష్టపడలేక కాదు. రాలేదు అని అడగడం, బాగాలేదు అని చెప్పడం వాళ్ళకి అలవాటు లేదు. ఆ అలవాటు చేయాల్సింది ఇంట్లోనే.

ముందు క్లాసు సంగతి చెప్తాను. పీజీలో సాధారణంగా సెమిస్టరుకి 9 క్రెడిట్లు, అంటే మూడు సబ్జెక్టులు. ఈ మాట వినగానే మా పక్కింటి పిన్నిగారు "మూడేనా? ఇంక మిగతా టైమంతా ఖాళీయేగా" అన్నారు. ఖాళీ ఏమీ ఉండదు. ఒక్కో సబ్జెక్టుకి క్లాసు వారానికి మూడు గంటలే అయినా, బయట కూర్చుని చదవాల్సిందీ రాయాల్సిందీ దానికి రెండింతలో మూడింతలో ఉంటుంది. మొదటిరోజే సిలబస్ అని ఒక కాగితం ఇస్తారు. మన దగ్గర సిలబస్ అంటే పాఠాల పట్టిక. అక్కడ అదొక ఒప్పందం లాంటిది. హోంవర్కుకి ఎన్ని మార్కులు, క్విజ్‌కి ఎన్ని, ప్రాజెక్టుకి ఎన్ని, ఏ తారీకున ఏ గంటకి ఇవ్వాలి, ఆలస్యమైతే ఎంత కోత, అన్నీ అందులో ఉంటాయి. తర్వాత ఎవరూ గుర్తుచేయరు. పరీక్షకి వారం ముందు సీనియర్ల దగ్గర ఇంపార్టెంట్ ప్రశ్నలు తెచ్చుకుని రాత్రంతా చదివి గట్టెక్కడం అక్కడ కుదరదు. ఎందుకంటే ఆ వారం వచ్చేసరికి సగం మార్కులు అప్పటికే వచ్చేసి ఉంటాయి, లేదా పోయి ఉంటాయి.

పైగా అక్కడ మార్కుల లెక్క కూడా వేరు. చాలాచోట్ల పీజీలో సగటున 4కి 3 తెచ్చుకోవాలి. ఏ అంటే 4, బి అంటే 3, సి అంటే 2. మూడు సబ్జెక్టుల్లో ఒక్కదాంట్లో సి వస్తే, ఇంకోదాంట్లో ఏ వస్తేగానీ సగటు నిలబడదు. ఇక్కడ డెబ్భై శాతంతో ఫస్ట్ క్లాసులో పాసైన పిల్ల అక్కడ మొదటి క్విజ్‌లో 20కి 11 చూసుకుని బిత్తరపోతుంది. మా అమ్మాయికి అలాగే అయింది.

ఇప్పుడు ఆ 11 వచ్చిన పిల్ల ఏం చెయ్యాలి? అక్కడ ప్రతి ప్రొఫెసరూ వారంలో కొన్ని గంటలు ఆఫీస్ అవర్స్ అని కేటాయిస్తారు. ఎవరైనా వెళ్ళి, "ఇది నాకు అర్థం కాలేదు" అని అడగొచ్చు. అడగడం కోసమే ఆ గంటలు. రాయడం రాకపోతే రైటింగ్ సెంటర్ ఉంటుంది, లెక్కలకి ట్యూటర్లుంటారు. చాలావాటికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. కానీ మన పిల్ల వెళ్ళదు. ఎందుకు వెళ్తుంది? చిన్నప్పటినుంచి మనం చెప్పిందేమిటి? "పెద్దవాళ్ళకి ఎదురు మాట్లాడకు", "క్లాసులో నోరు మూసుకుని విను", "తెలీకపోతే తెలీదని నలుగురిలో అనకు, నవ్వుతారు". స్కూల్లో ప్రశ్న అడిగిన పిల్లని టీచరు "పాఠం చెప్తున్నప్పుడు నిద్రపోయావా" అని కూర్చోబెట్టడం మనందరం చూసిందే. అలా పదహారేళ్ళు పెంచి, ఒక్కసారిగా వేరే దేశంలో వేరే భాషలో ఒక పెద్దాయన గది తలుపు తట్టి "నాకు రాలేదు" అనమంటే ఎలా అంటుంది? మా అమ్మాయి ఆ తలుపు తట్టడానికి ఐదు వారాలు పట్టింది. వెళ్ళాక ఆయన బోర్డు మీద అరగంట చెప్పి, "మొదటి వారమే రావాల్సింది" అన్నారట.

ఇంకో సంగతి. మన కాలేజీల్లో రికార్డులు ఒకరిది చూసి ఒకరు రాసుకోవడం మామూలు. దాన్ని తప్పనుకునేవాళ్ళే తక్కువ. పైగా స్నేహితురాలికి నోట్సు ఇవ్వని పిల్లని స్వార్థపరురాలంటాం. అక్కడ అదే పని చేస్తే పెద్ద నేరం. వేరొకరు రాసింది చూసి రాస్తే కంప్యూటర్ పట్టేస్తుంది. చూసి రాసినవాళ్ళతోపాటు, ఇచ్చినవాళ్ళనీ పిలుస్తారు. ఆ సబ్జెక్టులో సున్నా పడొచ్చు, యూనివర్సిటీ నుంచి పంపేయొచ్చు కూడా. రూమ్మేటు ఏడుస్తూ అడిగిందని తను రాసిన ప్రోగ్రామ్ పంపిన పిల్ల, ఇంట్లో మనం మెచ్చుకునే మంచితనమే చూపించింది. ఆ మంచితనమే అక్కడ కొంప ముంచుతుంది. "పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు, నువ్వు రాసింది మాత్రం చేతికివ్వకు" అన్న తేడా వెళ్ళేముందే చెప్పి పంపాలి. ఆవకాయ సీసా మూతకి టేపు చుట్టడం కన్నా ఇది ముఖ్యం.

ఇక రోజువారీ బతుకు. ఇక్కడి మిక్సీ 230 వోల్టులది, అక్కడి కరెంటు 120 వోల్టులు. కాబట్టి మోసుకెళ్ళిన మిక్సీ తిరగదు, అక్కడే కొనుక్కోవాలి. మాంసం పచ్చళ్ళు తీసుకెళ్తే కస్టమ్స్ వాళ్ళు తీసేస్తారు. పోపులో ఎండుమిర్చి మాడితే స్మోక్ అలారం మోగి అపార్ట్‌మెంటంతా బయటికొస్తుంది. ఇలాంటివి నవ్వుకునే కష్టాలు, రెండు వారాల్లో సర్దుకుంటాయి. నలుగురు కలిసి ఉండే ఇంట్లో వంట వంతులు, గిన్నెల వంతులు సర్దుకోవడం ఇంకొంచెం కష్టం. ఇంట్లో కంచం తీయకుండా పెరిగిన మగపిల్లాడు వంతు వచ్చిన రోజల్లా బయట తిని డబ్బులు తగలేస్తాడు, లేదా వంట వచ్చిన వాడి మీద పడి తింటాడు. రెండో నెలకి గొడవలు. ఆ గొడవ వెనకాల అసలు కారణం మన వంటింట్లోనే ఉంది. అమ్మాయికి మాత్రం నేర్పి అబ్బాయిని వదిలేస్తే, ఆ అబ్బాయి చదువు కూడా దెబ్బతింటుంది. రేపు పెళ్ళయ్యాక కోడలి సంగతి తర్వాత చూద్దాం, ముందు వాడి కడుపు సంగతి చూద్దాం.

డబ్బు అన్నిటికంటే సున్నితమైన విషయం. ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్ళు క్లాసులు జరుగుతున్న రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల దాకా పని చేసుకోవచ్చు. అనుమతి లేకుండా బయట పని చేస్తే వీసా నిబంధన తప్పినట్టే. మొత్తం చదువుకే ముప్పు. ఈ సంగతి పిల్లలకి తెలుసు. తెలిసీ కొందరు ఎందుకు వెళ్తారు? ఇక్కణ్ణుంచి ఫోన్లో "ఈ నెల వాయిదా కట్టడానికి మీ నాన్న ఎంత ఇబ్బంది పడ్డారో తెలుసా" అని విన్న రోజు వెళ్తారు. ఆ మాట మనం అనేది బాధతోనే. కానీ అది వింటున్న పిల్లాడికి ఇరవై మూడేళ్ళు. చుట్టూ ఎవరూ లేరు. ఎదురుగా ఎవడో "గంటకింత ఇస్తా రా" అంటున్నాడు.

ఇప్పుడు ఫోన్ల సంగతి. టెక్సాస్‌కీ మనకీ ఎండాకాలం సమయంలో పదిన్నర గంటల తేడా. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పాక పదకొండున్నర. మనం రాత్రి ఎనిమిదింటికి పనులు ముగించుకుని తీరిగ్గా చేస్తే వాళ్ళకి పొద్దున్న తొమ్మిదిన్నర, క్లాసుకి పరిగెత్తే వేళ. ఆ ఐదు నిమిషాల్లో మనం అడిగేవి మూడు ప్రశ్నలు. తిన్నావా? మార్కులెంత? ఫలానావాళ్ళ అబ్బాయికి ఇంటర్న్‌షిప్ వచ్చిందట, నీకు? వాళ్ళ జవాబు కూడా ఒకటే. "బాగానే ఉన్నానమ్మా, తర్వాత చేస్తా."

ఈ "బాగానే ఉన్నా"ని దాటి మనకి నిజం తెలిసే దారి ఇంకోటి లేదు. ఇక్కడ కాలేజీలో హాజరు తగ్గితే ఇంటికి మెసేజ్ వస్తుంది, ప్రిన్సిపాల్‌ని కలవొచ్చు. అక్కడ 1974 నుంచి ఒక చట్టం ఉంది. యూనివర్సిటీలో చేరినవాళ్ళ మార్కులు, హాజరు వాళ్ళ సొంత విషయం. పిల్లలు రాసి అనుమతిస్తే తప్ప సాధారణంగా తల్లిదండ్రులకి కూడా చెప్పరు. మనం ఫోను చేసి ఏడ్చినా "మీ అమ్మాయినే అడగండి" అంటారు. కాబట్టి ఆ పిల్ల నోరే మనకున్న ఒకే ఒక్క కిటికీ. దాన్ని మన ప్రశ్నలతో మనమే మూసుకోకూడదు.

"చెప్తే మాత్రం మనం ఇక్కణ్ణుంచి ఏం చెయ్యగలం?" అంటారు. సమయానికి చెప్తే చాలా చెయ్యొచ్చు. అమెరికా వీసా నిబంధనల్లోనే ఒక వెసులుబాటు ఉంది. కొత్తగా వచ్చిన విద్యార్థికి ఇంగ్లీషు వల్ల గానీ, చదవాల్సింది ఎక్కువై గానీ, అక్కడి బోధన పద్ధతి అలవాటు లేక గానీ, స్థాయికి తగని కోర్సులో చేరడం వల్ల గానీ కష్టంగా ఉంటే, ఒక సెమిస్టరు తక్కువ సబ్జెక్టులతో నడిపించుకోవచ్చు. కనీసం సగం భారమైనా ఉంచుకోవాలి, తర్వాతి సెమిస్టరులో మళ్ళీ పూర్తిగా చదవాలి, ఆ డిగ్రీ మొత్తానికి ఒక్కసారే వాడుకోవాలి. ఒంట్లో బాగాలేక డాక్టరు రాసిస్తే ఇంకో రకం వెసులుబాటు ఉంది, అది మొత్తం 12 నెలల దాకా ఇస్తారు. అయితే సబ్జెక్టు వదిలేయకముందే యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అధికారి అనుమతి తీసుకోవాలి. అడగకుండా మానేస్తే వీసా హోదా పోతుంది. ముందే అడిగితే కాగితం మీద ఒక సంతకంతో పోతుంది. "కొత్త దేశంలో పాఠం అర్థం కాకపోవచ్చు" అని అక్కడి ప్రభుత్వమే నిబంధనలో రాసుకుంది. మన ఇళ్ళలో మాత్రం ఆ మాటకి చోటు లేదు.

మనసు బాగాలేకపోవడం కూడా ఇలాంటిదే. అక్కడ దాదాపు ప్రతి క్యాంపస్‌లోనూ కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది. ఫీజులోనే దానికీ కలిపి తీసుకునే చోట్లు చాలా ఉన్నాయి. 2022 జూలై నుంచి దేశమంతటా 988 అనే నంబరు ఉంది. ప్రాణం మీదికి తెచ్చుకునే ఆలోచనలు వచ్చినా, దిగులు భరించలేకపోయినా ఏ వేళకైనా ఫోను గానీ మెసేజ్ గానీ చెయ్యొచ్చు. ఈ నంబరు పిల్లల చేత ఫోన్లో వేయించండి. "ఇలాంటివి శుభమా అని బయల్దేరుతుంటే ఎందుకు" అనకండి. పెట్టెలో జ్వరం మాత్రలు పెట్టేది జ్వరం రావాలని కాదు కదా.

నేనిలా అంటే మా బావగారు ఒప్పుకోరు. "మరీ సుకుమారం చేస్తున్నారు. యల్లాప్రగడ సుబ్బారావుగారు భీమవరం నుంచి వెళ్ళి, బోస్టన్‌లో ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల పాత్రలు కడిగి చదువుకోలేదా?" అంటారు. నిజమే, నూరేళ్ళ క్రితం ఆయన అంత కష్టమూ పడ్డారు, గొప్ప శాస్త్రవేత్త అయ్యారు. కానీ ఆ కథలో ఆడవాళ్ళకి మాత్రమే కనబడే ఇంకో సగం ఉంది. ఆయన వెళ్ళడానికి సాయం చేసింది మామగారు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. ఆయన 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసేదాకా మళ్ళీ ఈ దేశానికి రాలేదు. ఆ రోజుల్లో ఉత్తరం ఓడ మీద వారాల తరబడి ప్రయాణం చేసేది. ఆ దూరాన్ని ఆవిడ ఎలా మోశారో ఎవరూ పాఠంలో చెప్పరు. కష్టపడొద్దని నేననడం లేదు. కష్టం ఒక్కళ్ళే దాచుకుని పడితేనే గొప్ప అనుకోవద్దంటున్నాను. ఇప్పుడు మొహం చూస్తూ మాట్లాడే ఫోను చేతిలో ఉంది. అయినా నిజం మాత్రం ఓడ మీదే వస్తోంది.

"ముప్ఫై నలభై లక్షలు పోస్తున్నాం, మార్కులు అడగకూడదా?" అంటారు. అడగాలి. అడిగే తీరు మార్చుకుందాం అంటున్నాను. "ఎన్ని వచ్చాయి?" బదులు "ఈ వారం ఏది అర్థం కాలేదు, ఎవర్ని అడిగావు?" అందాం. మొదటి ప్రశ్నకి అబద్ధం చెప్పడం తేలిక. రెండోదానికి జవాబు చెప్పాలంటే పిల్ల ఒకర్ని అడిగి ఉండాలి. అడగలేదంటే రేపు అడుగుతుంది. ఫోను వేళ కూడా వాళ్ళే చెప్పనీండి. రోజూ ఐదు నిమిషాల కంటే ఆదివారం తీరిగ్గా గంట మేలు. ఇంట్లో చుట్టాలు కూర్చున్నప్పుడు స్పీకరు పెట్టి మాట్లాడించకండి. మేనత్త ముందు ఏ పిల్లా "నాకు దిగులుగా ఉంది" అనదు.

వెళ్ళేముందు నెల రోజులు ఇంటిపని వాళ్ళ చేతికి ఇచ్చి చూడండి, ఆడపిల్లయినా మగపిల్లాడైనా. పప్పు, చారు, ఒక వేపుడు, ఒక పులుసు, పులిహోర, ఇవి చాలు. కరెంటు బిల్లు, గ్యాసు, పాలవాడి లెక్క వాళ్ళే చూడాలి. బ్యాంకులో కౌంటరు దగ్గర వాళ్ళే నిలబడి అడగాలి, మనం పక్కన ఉండకూడదు. జలుబు చేస్తే డాక్టరు దగ్గరికి వాళ్ళే వెళ్ళి చెప్పుకోవాలి. ఇదంతా పని నేర్పడానికి మాత్రమే కాదు. తెలియని మనిషి ముందు నిలబడి "నాకిది కావాలి, నాకిది తెలీదు" అనడం నోటికి అలవాటు కావడానికి.

చివరగా, అప్పు గురించి ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఎంత తీసుకున్నాం, నెలకెంత, ఎప్పట్నుంచి, అన్నీ పిల్లల ముందు కాగితం మీద రాయండి. అందులోనే ఇంకో లెక్క కూడా వేయండి. ఒక సెమిస్టరు ఎక్కువ పడితే ఎంత? ఒక సబ్జెక్టు మళ్ళీ చదవాల్సొస్తే ఎంత? మధ్యలో వెనక్కి రావాల్సొస్తే ఎంత? మేము వేసుకున్నాం. మా వారు మొదట "అపశకునం" అన్నారు గానీ తర్వాత ఆయనే కూర్చుని కూడారు. చివర్లో మా అమ్మాయితో "ఇంతదాకా అయితే మనం తట్టుకోగలం, ఇది దాటేలా ఉంటే ముందే చెప్పు" అన్నారు. ఆ అంకె ఎంతో ఆ పిల్లకి ముందే తెలిసింది కాబట్టే, అక్టోబరులో ఒక రాత్రి "నాన్నా, ఒక సబ్జెక్టు మునిగేలా ఉంది" అని ఫోను చేయగలిగింది. ఆ సబ్జెక్టు వదలాల్సిన పని కూడా రాలేదు, బి తోనే బయటపడింది.

ఈ ఆగస్టులో మీ ఇంటినుంచి ఎవరైనా బయల్దేరుతుంటే పచ్చళ్ళు పెట్టండి, పెట్టెలు కట్టండి, దిష్టి తీయండి. ఏమీ మానక్కర్లేదు. వాటితోపాటు ఒక సాయంత్రం టీవీ కట్టేసి ఆ కాగితం కూడా రాయండి. రాశాక ఒక కాపీ పిల్లల పెట్టెలో పాస్‌పోర్టు జిరాక్సుల పక్కన పెట్టండి.